షహనాయి చోట సైరన్

ఇవాళ నిజామాబాద్‌లో ఒక దుకాణంలో పాత సింథసైజర్ కనబడింది. దోస్తులారా, మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సైరన్ గుర్తుందా? ఫ్యాక్టరీ మూసేశారన్న కోపంతో, నాకు పన్నెండేళ్లప్పుడు, పెళ్లిళ్లలో కీబోర్డు వాయించే శంకరన్న దగ్గర నేర్చుకుంటూ, ఆయన సింథసైజర్‌లో నాబులు తిప్పి తిప్పి అచ్చం ఆ కూతే తయారుచేశాను. తెలియక దాన్ని షహనాయి శబ్దం ఉన్న చోటే సేవ్ చేశాను.

మరునాడు ఊళ్లో ఒక పెళ్లిలో, సరిగ్గా తాళి కట్టే వేళ శంకరన్న షహనాయి బటన్ నొక్కాడు. పందిట్లో సైరన్ కూసింది.

"ఎవడు చేసిండురా గిది? ఇంకోసారి ముట్టుకుంటే చేతులిరుగుతయ్," అన్నాడు అన్న, నా దిక్కే చూస్తూ.

నేను నోరు విప్పేలోపే, ఆ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసిన మా నాన్న, బాపు, లేచి నిలబడ్డాడు. గుప్పిట్లో అక్షింతలతోనే చెప్పులు వెతుకుతున్నాడు.

"షిఫ్టుకు యాళ్లైంది."

"నేనే చేసిన బాపు, కూసో," అన్నాను.