నాలుగు బస్తాల ఎర్రమట్టి

మా చిన్నమ్మ గోడ అలికితే ఆమె వేళ్ల గీతలు నెలవంకల్లా ఒకదాని పక్కన ఒకటి నిలిచేవి. చిన్నప్పుడు జహీరాబాద్ నుంచి షేర్ ఆటోలో ఝరాసంగం దగ్గరి ఆమె ఊరికి వెళ్లినప్పుడల్లా వాటి మీద వేలు రాసుకుంటూ నడిచేదాన్ని. పెద్దయి ఆర్కిటెక్టునయ్యాక, విదేశంలో జరిగే ప్రపంచ ప్రదర్శనలో మన దేశం కట్టే పెవిలియన్ డిజైన్ మా ఆఫీసుకు వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ గోడే.

లోపలికి వచ్చేవాళ్లు వంపు తిరిగిన పొడవాటి మట్టిగోడ వెంట నడవాలి. పక్క నుంచి పడే వెలుతురులో వేళ్ల గీతలు లేచి కనిపించాలి. బొమ్మలు వద్దు, తెరలు వద్దు, గోడ ఒక్కటే చాలు. నమూనాకు చిన్నమ్మ చేత ఒక చెక్కపలక అలికించి తీసుకెళ్లాను. చూసినవాళ్లెవరూ దాన్ని తడమకుండా ఉండలేకపోయారు. డిజైన్ ఒప్పుకున్నారు. నాకు నోరు ఆగదు కదా, ఆ రోజే ఫోన్ చేసి చెప్పేశాను.

"చిన్నమ్మా, అక్కడి గోడ నువ్వే అలకాలె. మట్టి కూడ మనదే పోతది. లారీ పంపిస్త."

"ఎన్ని దినాలుంటది బిడ్డా ఆ ఇల్లు?"

"ఆర్నెల్లు. తర్వాత ఇప్పేస్తరు."

"ఆర్నెల్లకు కూలగొట్టేదానికి గింత సోకా!" అని నవ్వింది. నవ్వుతూనే మర్నాడు గడ్డపార పట్టుకుని పోయింది.

ఊరి చివర ఎర్రమట్టి గుంత ఒక్కటే మిగిలింది, దాన్నీ ప్లాట్లలో కలిపేస్తున్నారు. దొరికినంత మట్టి తవ్వి, జల్లించి, నాలుగు బస్తాలు కట్టి దర్వాజ పక్కన పెట్టింది. పాస్‌పోర్టుకని ఫోటో కూడా దిగింది.

నెలన్నర తర్వాత మీటింగులో అంతా తారుమారైంది. మట్టి బరువెక్కువ, ఆరాక పగులుతుంది, తర్వాత విప్పడం కష్టం అన్నారు. చిన్నమ్మ పలక మీద నుంచే అచ్చు తీసి ఫైబర్ పలకలు పోయిద్దామన్నారు. ఒకటే అచ్చు, గోడంతా అవే గీతలు. వాదించాను, అరిచాను, చివరికి డ్రాయింగులు మార్చాను. వాటి మీద సంతకమూ నాదే.

చిన్నమ్మకు మాత్రం చెప్పలేదు. రేపు చెబుదాం, ఈసారి వెళ్లినప్పుడు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా "లారీ ఎప్పుడొస్తది బిడ్డా?" అనేది. "వస్తది చిన్నమ్మా" అనేదాన్ని. అంత భవనం గీసినదాన్ని, ఒక్క మాట అనడానికి ధైర్యం చాలలేదు. ఉత్త పిరికిదాన్ని.

పెవిలియన్ తెరవకముందే చిన్నమ్మ పోయింది. పొద్దున చేనుకు బయలుదేరుతూ గుండెలో నొప్పి అని కూర్చున్నదట. జహీరాబాద్ దవాఖానకు చేర్చేలోపే అయిపోయింది.

దినాలకు ముందు ఇల్లు అలకాలి. అప్పుడు చూశాను ఆ గోడను. మట్టి రాలిపోయి లోపలి రాళ్లు బయటపడ్డాయి.

"రెండు వానకాలాలైంది అలకక," అంది మా వదిన, చిన్నమ్మ కోడలు. "గుంతల మట్టి లేదాయె. ఈ బస్తాలకెల్లి జర తీస్తనంటే ముట్టనియ్యలె. బయటిదేశం పోయే మట్టి అన్నది."

ఒక బస్తా విప్పి, పెండా ఊకా కలిపి, ఇద్దరం అలకడం మొదలుపెట్టాం. నా వేళ్ల గీతలు ఎటు పడితే అటు పోయాయి. ఆ బస్తా అయిపోయాక వదిన రెండోదాని మూతి పట్టుకుని ఆగింది.

"ఇది గూడ తీస్తే నీ లారీ వచ్చినంక తక్కువ పడదా?"

"లారీ రాదు వదినా. వద్దన్నరు."

"ఎప్పుడన్నరు?"

"పోయినేడే."

వదిన మట్టి చేతులతోనే రెండో బస్తా మూతి విప్పింది.

"అత్తమ్మకు ఒక్క మాట చెప్తే ఏమైతుండె?" అంది. "తన ఇల్లన్నా అలుక్కుంటుండె."