మంచుదేశంలో మగ్గం గుంట

మా పిన్ని పోయిందన్న కబురు తంతిలో వచ్చింది. ఆ తంతి కొట్టింది బాబాయే. టిబెట్టు కొండల్లో వాళ్ళున్న ఊళ్ళో ఇంగ్లీషువాళ్ళు పెట్టిన తంతి ఆఫీసుకు ఆయన ఒక్కడే ఉద్యోగి. ఎవరి మంచిచెడ్డలైనా ఆయన వేళ్ళ మీదుగానే కిందికి దిగాలి. భార్య చావును అక్షరం అక్షరంగా కొట్టి, బెజవాడలో నా చిరునామాలో ఒక్క తప్పు కూడా రాకుండా పంపాడు.

పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు. నాకంటే నాలుగేళ్ళే పెద్ద. ఉయ్యూరులో అమ్మమ్మగారిది నేతపని ఇల్లు. నడక రాకముందే ఇది అడ్డదారం నడిపే నాడె పట్టిందని అమ్మమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. నేను బళ్ళో ఉద్యోగంలో చేరింది మొదలు పిన్ని నన్ను "పంతులూ" అని పిలిచేది. అందులో గౌరవమెంతో, ఎగతాళి ఎంతో నాకెప్పుడూ తేలలేదు.

యుద్ధం మొదలైన మరుసటి ఏడు బాబాయికి అక్కడికి బదిలీ అయింది. ఆయన ఒక్కడే వెళ్తానన్నాడు. పిన్ని తనూ వస్తానని పట్టుపట్టింది. అమ్మమ్మ అన్నం మానేసి కూర్చుంది.

"అక్కడ మనవాళ్ళంటూ నలుగురున్నారటే?"

"లేరమ్మా."

"మరి నీకేదన్నా అయితే దిక్కెవరే?"

"ఉన్నవాళ్ళే అవుతార్లే."

చివరికి బాబాయే సర్దిచెప్పాడు. "ఒక్క చలికాలం చూద్దామండీ అత్తయ్యగారూ. తనకి పడకపోతే ఉద్యోగానికి ఓ దండం పెట్టి ఇద్దరం వచ్చేస్తాం." ఆయన ఆ మాట ఎంత కష్టం మీద అన్నాడో మాకు తెలుసు. వాళ్ళ వంశంలో మగ్గం దిగి కుర్చీ ఎక్కిన మొదటివాడు ఆయన. ఆ ఉద్యోగమంటే ఆయనకు ప్రాణం.

నేను పిల్లలకు భూగోళం చెప్పేవాణ్ణి. బెజవాడ స్టేషన్లో పటం విప్పి చలి గురించి పిన్నికి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. అంతా ఓపిగ్గా విని, "నువ్వెప్పుడన్నా మంచు చూశావా పంతులూ?" అంది. లేదన్నాను. "అయితే నే చూసొచ్చి చెప్తాలే" అని రైలెక్కింది. విప్పి కట్టిన మగ్గం కొయ్యలను సామాను పెట్టెలో వేయించింది గానీ, నూలు చిలపల మూటను మాత్రం ఒళ్ళోంచి దించలేదు.

యుద్ధం ముగిసిన తరవాతి వేసవిలో ఒక్కసారి వచ్చింది. భవానీపురంలో మా ఇంటి వసారాలో కూర్చుని, బండలు కాలే ఎండలో ఆ చలి సంగతులు చెప్పింది. బుగ్గలు ఎర్రగా పగిలి, మనిషి సగమైంది. నవ్వు మాత్రం అదే.

నేతలో నిలువు దారాలను పడుగంటారు. దానికి గంజి పట్టించి ఆరబెట్టేది తెల్లవారుజామున, వీధి పొడుగునా. మా వాళ్ళు తరతరాలుగా చేసేదదే. పిన్ని అక్కడా అలాగే చేసింది.

"ఆరుతుందనుకుంటే గడ్డకట్టింది పంతులూ! పడుగంతా కర్రలా బిగుసుకుపోయింది. మడత పెట్టబోతే పటపటా విరిగింది. ఊరంతా నిలబడి చూశారు. అక్కడే చతికిలబడి ఏడ్చాను."

ఆ రోజు పొద్దువాలే వేళకు బాబాయి రాజీనామా కాగితం రాసి సంతకం పెట్టాడట. పిన్ని దాన్ని చదివి, మడిచి, పొయ్యిలో పెట్టింది.

"ఆయన నాకోసం అది వదిలేసి, జన్మంతా నా మొహం చూస్తూ కూర్చోవాలా? నావల్ల కాదది" అంది నాతో.

అక్కడి ఇళ్ళలో కింద పశువుల కొట్టం, పైన మనుషులు. పశువుల ఒంటి వేడికి ఆ కొట్టంలో నేల గడ్డకట్టదు. అది కనిపెట్టి పిన్ని గడ్డపార తీసుకుంది. మన మగ్గానికి గుంట ఉండాలి కదా, కాళ్ళు అందులోకి దింపి తొక్కాలి. నేలను తవ్వితే నేలలోని దేవతలకు కోపమొస్తుందని ఎదురింటి ముసలమ్మ పోట్లాటకు వచ్చింది. పిన్నికి అప్పటికింకా ఆవిడ భాష రాదు. చెయ్యి పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టి, ఆవిడ కాళ్ళు గుంటలోకి దింపింది. అడుగున నేల వెచ్చగా ఉంది. ముసలమ్మ ఆ పూట ఇంటికి వెళ్ళలేదు. మరునాడు ఉన్ని, కదురు పట్టుకుని వచ్చింది. ఆవిడ వెనక మరో ముగ్గురు. ఆ చలికాలమంతా గుంట చుట్టూ కాళ్ళు దింపుకుని వాళ్ళు వడికారు, పిన్ని నేసింది. నూలు అయిపోతే ఉన్ని నేసింది.

"కొత్తచోట ముందు కాళ్ళు పెట్టుకునే చోటు వెతుక్కోవాలి పంతులూ" అంది. నేను ఇన్నేళ్ళు పటం మీద చూపుడుకర్ర పెట్టి చెప్పిన దేశంలో ఈవిడ గడ్డపారతో చోటు చేసుకుంది. నాకు నిజంగా చేతులెత్తి మొక్కాలనిపించింది. మొక్కలేదు. మొక్కితే ఎగతాళి చేస్తుందని భయం.

తంతి వచ్చిన నెలకు బాబాయి ఉత్తరం వచ్చింది. నెమ్ము చేరి నాలుగు రోజుల్లో పోయిందట. ఆ ఊళ్ళో చెట్టన్నది లేదు. పొయ్యిలోకి పిడకలే. వాళ్ళు శవాన్ని కాల్చరు. మనవాళ్ళకు కాల్చాలి. చితికని బాబాయి మగ్గం ఊడదీశాడు. అది సగానికైనా చాలక మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. కాసేపటికి ఒకాయన గుడారం గుంజ తెచ్చి పెట్టి వెళ్ళాడు. ఒకరు జీను చట్రం తెచ్చారు. ఒకావిడ వెన్న చిలికే కొయ్య గొట్టం తెచ్చింది. అందరికంటే ఆఖరున ఎదురింటి ముసలమ్మ, ఇద్దరు కొడుకుల చేత తన వీధి తలుపు మోయించుకుని వచ్చింది.

మళ్ళీ కలప రావాలంటే కనుమలో మంచు కరగాలి. అందాకా ఆవిడ గుమ్మానికి కంబళి కట్టుకుని ఉంటోందనీ, గాలి వీచినప్పుడల్లా అది లోపలికి ఉబ్బుతుంటే లేచి వచ్చి దాని అంచుల మీద రాళ్ళు పెట్టుకుంటోందనీ బాబాయి రాశాడు.