మంచంకోడు దెబ్బ

జైల్లో ఖైదీలందరినీ ఒక్కొక్కరిగా పిలిచి, ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలిందా, స్పృహ తప్పిందా అని ఓ డాక్టరమ్మ అడిగిందట. తగిలినవాళ్లను స్కానింగుకు పంపుతారట. నా కొడుకు లేదన్నాడు. ఆ మాట ములాఖత్‌లో వాడే చెప్పాడు, జాలీ అవతల నవ్వుతూ.

"అదేంట్రా, నీకు తగల్లేదా?"

"ఎవరడిగినా ఏం లేదని చెప్పమన్నది నువ్వేగా!"

అవును, నేనే. వాడికి పదమూడేళ్లప్పుడు వాళ్ల నాన్న మంచంకోడు తీసుకుని తలమీద కొట్టాడు. పొద్దున పడినవాడు దీపాలు పెట్టేదాకా కళ్లు తెరవలేదు. తెనాలి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఎవరు కొట్టారని పోలీసులకు రాస్తారు. మా ఆయనేమో చర్చిలో సంఘపెద్ద. అందుకని ఊళ్లో ఆర్‌ఎంపీని ఇంటికి పిలిపించి కుట్లు వేయించాను. చీటీ లేదు, కాగితం లేదు. పిల్లవాడికి మాత్రం గడపలో జారిపడ్డానని చెప్పమని నేర్పాను. బాగా నేర్చుకున్నాడు.

అప్పటి నుంచి వాడు వాడు కాదు. చెప్పింది మరిచిపోతాడు, ఊరికే ఒళ్లు మండిపోతుంది. బాపట్ల దగ్గర రొయ్యల చెరువు మీద పనిచేస్తూ మేస్త్రీ తల పగలగొట్టాడు. జైల్లోనూ అంతే. ఖైదీల లెక్కకు రమ్మంటే కదలడు, పొగరంటారు, శిక్ష వేస్తారు. వాడి తల చెడిందని రాయించకపోతే ఆ శిక్షలకు అంతుండదు.

మర్నాడు రేపల్లెలో మొదటి బస్సెక్కి మళ్లీ వెళ్లి, ఆ డాక్టరమ్మను కలవాలని కాళ్లావేళ్లా పడ్డాను. లోపలికి పంపారు.

"ఎవరు కొట్టారమ్మా?" అందామె.

"మా ఆయనండి."

పక్కన నిలబడ్డ వార్డరుది మా సంఘమే. "ఏంటి పిన్నీ, బాబాయి గురించా? ఆయన ప్రార్థన చేస్తే మేమంతా ఏడ్చేవాళ్లం కదా!"

"మేం ప్రార్థన లేకుండానే ఏడ్చేవాళ్లం నాయనా," అన్నాను.

కొడుకును పిలిపించారు. వాడు నా వైపు చూడలేదు. "నాన్న కొట్టలేదండి. చచ్చిపోయిన మనిషి మీద అబద్ధాలు చెబుతోంది."

జాలీ లేకుండా వాణ్ణి ముట్టుకుని రెండేళ్లయింది. లేచి వెళ్లి వాడి జుట్టు పాయ తీశాను. చెవి వెనక నుంచి నడినెత్తి దాకా వెంట్రుక మొలవని గీత. "ఇదిగో చూడండమ్మా." వాడు నా చెయ్యి విదిలించి కొట్టాడు. "ఆయనున్నప్పుడు నోరు పెగల్లేదేం నీకు?" అని అరిచాడు. వార్డరు పట్టుకున్నాడు.

డాక్టరమ్మ గీతను కొలిచి పేరు రాసుకుంది.

తర్వాతి ములాఖత్‌కు వాడు రాలేదు. అమ్మను చూడనన్నాడట.

"స్కానింగుకు తీసుకెళ్లారా?" అని అడిగాను.

"నిన్ననే వెళ్లొచ్చాడు పిన్నీ."

తెచ్చిన జంతికలు వార్డరు చేతికిచ్చి, నేను తెచ్చానని చెప్పొద్దన్నాను.