సన్న రాడ్డు

రంగు చూసి కుళ్ళుకునేవాళ్ళున్నారు, జుట్టు చూసి కుళ్ళుకునేవాళ్ళున్నారు. నేను దర్జీ కూతురి వేళ్ళు చూసి కుళ్ళుకున్నాను. తొంభైల చివరి మాట ఇది. శంషాబాద్ బస్టాండు వెనక తాలీం అనే వ్యాయామశాలలో, మగపిల్లలు కసరత్తుకు వచ్చేలోపు, సాయంత్రం ఒక గంట మా ఇద్దరికీ బరువులెత్తడం నేర్పేవాడు ఉస్తాద్. ఆడపిల్లలు బరువులెత్తి పతకాలు తెస్తున్నారని పేపర్లో ఫొటోలు పడుతున్న రోజులవి. లేకపోతే మమ్మల్ని ఆ గడప తొక్కనిచ్చేవాళ్ళే కాదు.

జిల్లా పోటీకి మా బరువు తరగతిలో తాలీం నుంచి ఒక్కరే పోవాలి. అక్కడ గెలిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, ఇంటర్ చదువు, మూడు పూటలా తిండి. నాకా సీటు కావాలి. రాకపోతే పదో తరగతి అవగానే నాయినతో పాటు తుక్కుగూడ కోళ్ళ ఫారంలో పనికి పోవాల్సిందే. ఆ ఫారం నుంచి నాయిన పగుళ్ళిచ్చిన గుడ్లు తెచ్చేవాడు. అవన్నీ నేనే మింగేదాన్ని. దర్జీ కూతురేమో చాయ్‌లో రొట్టె ముంచుకుని తిని వచ్చి అరవై కిలోలు ఎత్తేది. నేను యాభై ఐదు దగ్గర ఆగిపోయేదాన్ని. కడుపు మండదా మరి?

తాలీంలో ఉన్నది మగవాళ్ళ రాడ్డు, లావుగా ఉండేది. బొటనవేలిని రాడ్డుకు ఆనించి, దాని మీద మిగతా వేళ్ళు మూసి బిగించాలి. నావి పొట్టి వేళ్ళు. బొటనవేలిని అందుకునేసరికే అయిపోయేవి, పట్టు జారిపోయేది. దర్జీ కూతురి వేళ్ళు చుట్టూ తిరిగి వచ్చి ఇంకా మిగిలేవి. పైగా బొటనవేలికి ఎప్పుడూ ఒక ప్లాస్టరు చుట్టుకుని వచ్చేది. అదో ఫ్యాషన్ అనుకున్నాను.

"నాకు బలం లేక కాదు ఉస్తాద్. ఇది మొగోళ్ల రాడ్డు, మొగోళ్ల చేతికి చేసిండ్రు," అని రోజూ కొట్లాడేదాన్ని.

"ఆడలేక మద్దెల ఓడన్నదంట, గట్లుంది నీ కథ," అనేవాడు ఆయన.

పొరుగువాళ్ళ ఇల్లూ ఎద్దూ ఆశించకూడదని చర్చిలో పాస్టరుగారు చెప్పేవారు. వేళ్ళ సంగతి ఆయన చెప్పలేదు కాబట్టి నేను నిశ్చింతగా ఆశించాను.

నా పోరు పడలేక ఉస్తాద్ తన పాత శిష్యుడొకడికి కబురు పెట్టాడు. అతను ఆడవాళ్ళ కోసమే చేసిన రాడ్డొకటి ఆటోలో పంపించాడు. దర్జీ కూతురే దాన్ని దించి లోపలికి మోసుకొచ్చింది.

"ఇగో, సన్నగుంది సూడు. నీ పరేషాన్ ఖతం," అన్నాడు ఉస్తాద్.

పట్టుకుని చూశాను. బొటనవేలు నా వేళ్ళ కింద బుద్ధిగా అణిగింది. ప్రభువా, ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచావయ్యా అనుకున్నాను. అరవైకి ఎప్పుడూ వేసే ఇనుప బిళ్ళలే రెండు కొసలకూ వేసి ఎత్తాను. తల మీద నిలిచింది! "అరవై! షాబాష్!" అని ఉస్తాద్ అరిచాడు. అప్పుడే వచ్చిన మగపిల్లలు చప్పట్లు కొట్టారు. నేను దర్జీ కూతురి ముఖమే చూశాను, ఏడుస్తుందేమోనని. అదీ చప్పట్లు కొడుతోంది.

బయటికి వచ్చాక మెల్లగా అంది, "అరె, ఆ రాడ్డు ఇర్వై కిలోలు లేదే. మోసినప్పుడే తెల్సింది నాకు. తేలికగుంది."

మా తాలీంలో రాడ్డంటే ఇరవై కిలోలు, ఆపైన బిళ్ళల లెక్క. ఎవరూ తూచి చూసింది లేదు.

"కుళ్ళుతోని అంటున్నవ్," అన్నాను. నేను, దాన్ని!

"అయితే పా," అని అది లోపలికి పోయి రాడ్డు ఒక కొస పట్టుకుంది. ఇద్దరం రోడ్డు పక్క పాత ఇనుము కొనే కొట్టుకు మోసుకుపోయాం. "అమ్ముతరా?" అన్నాడు కొట్టతను ఆశగా. "తూచియ్యన్నా, సాలు," అన్నాను. కాంటా పదిహేను చూపించింది. నేనెత్తింది అరవై కాదు, ఎప్పటి యాభై ఐదే.

"ఉస్తాద్‌కు చెప్తవా?" అన్నాను.

"నేనెందుకు చెప్త? నువ్వు ఖుషీగున్నవ్ గదా."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. వేళ్ళిచ్చింది చాలక మంచితనం కూడా దానికే ఇవ్వాలా దేవుడు? దాని దయతో హాస్టలుకు పోవడం కన్నా కోళ్ళ పెంట ఎత్తుకోవడం నయం. మర్నాడు నేనే ఉస్తాద్‌తో చెప్పేశాను. ఆయన నెత్తి కొట్టుకుని, జిల్లాకు ఎవరు పోవాలో తేల్చడానికి ఆ ఆదివారమే కొత్త రాడ్డు మీద ఇద్దరికీ పోటీ పెట్టాడు.

ఆదివారం నేను అరవై ఎత్తాను. ఒట్టు, నిఖార్సైన అరవై, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. కిందికి దించేదాకా నా అంత మనిషి శంషాబాద్‌లో లేదు. తర్వాత అది వచ్చి అరవై ఐదు ఎత్తింది.

దించేసి బొటనవేలి ప్లాస్టరు విప్పింది. గోరు నల్లగా కమిలిపోయి ఉంది. "మంచి రాడ్డు తెప్పించినవే. పాతది పట్టుకుంటే పానం పోతుండె నాకు," అంది.

అంత పొడుగు వేళ్ళకూ నొప్పేనా? ఆడవాళ్ళ రాడ్డు కావాలని నెలల తరబడి కొట్లాడింది నేను. అదీ ఆడదేనన్న సంగతి ఒక్కసారీ తట్టలేదు నాకు.

జిల్లా పోటీ రోజు పొద్దున్నే బస్టాండుకు పోయాను. ఎందుకు పోయానో నాకే తెలీదు. నాయిన తెచ్చిన గుడ్లు ఉడకబెట్టి, పేపర్లో చుట్టి, బస్సు కిటికీలోంచి దాని చేతికిచ్చాను. "గెలిచి రా," అన్నాను. మనసులోంచే అన్నాను. ఉప్పు పొట్లం మాత్రం కావాలనే కట్టలేదు.