బోర్డు దగ్గు

మా బావ రాయమల్లుకు రెండే విద్యలు వచ్చు. ఒకటి గనిలో బొగ్గు నింపడం, రెండోది దగ్గడం.

వెనకట కార్మికుడు పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే కొడుక్కి నౌకరీ వచ్చేది. అందుకని బోర్డుకు పోయేవాళ్లు ముందురోజు బావ దగ్గరికి వచ్చేవారు. "గట్ల కాదు, కడుపులకెల్లి రావాలె" అని దగ్గి చూపించేవాడు. శిష్యులకు ఎంత పనికొచ్చిందో గానీ గురువును మాత్రం అసలు దగ్గే పట్టుకుంది. ఊపిరాడనివ్వని దమ్ము, దానికి తోడు షుగరు కూడా.

యాభై ఒకటో ఏట, 2002లో, గోల్డెన్ హ్యాండ్‌షేక్ కింద కంపెనీ ఇచ్చిన డబ్బు తీసుకుని ముందే నౌకరీ దిగిపోయాడు. క్వార్టర్‌తో పాటు మందుల బుక్కూ అప్పగించాడు. ఆ బుక్కు చూపిస్తే కంపెనీ దవాఖానలో వైద్యం ఊరికే అయ్యేది. చిత్రమేమిటంటే, క్వార్టర్ కన్నా, జీతం కన్నా ఆయన ఆ దవాఖాననే ఎక్కువ తలుచుకునేవాడు. మంగళవారం షుగరు లైను, సిమెంటు బెంచీ, "రాయమల్లన్నా, మళ్ల అన్నం దండిగ తిన్నవా?" అని తిట్టే నర్సమ్మ. నాకింకా కంపెనీలో సర్వీసుంది కాబట్టి నా మందులకు నేను వెళ్తే, వెంట వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేవాడు. చూస్తే నాకు కోపం వచ్చేది, అయినా రావద్దనలేకపోయేవాణ్ని.

మా అక్క సారక్కకు అదే ఫికర్. "రేపు ఈనెకు దమ్మొస్తె యాడికి తీస్కపోవాలెరా పోశం?" అని నా ప్రాణం తీసేది. చివరికి వేణుమాధవ్ అనే ఇన్సూరెన్సు ఏజెంటును పట్టుకున్నాను. ఉన్న రోగాలతో ఎవరూ తీసుకోవడం లేదనీ, ఒక ఇన్సూరెన్సు కంపెనీ మాత్రం డాక్టరు పరీక్ష చేయించి, కుదిరితే దవాఖాన ఖర్చులకు కార్డు ఇస్తుందనీ చెప్పాడు.

కరీంనగర్‌లో పరీక్ష. బల్ల వెనక డాక్టరు, ముందు కాగితాలు, పక్కన రబ్బరు స్టాంపు. "ఏమైనా జబ్బులున్నాయా?" అని అడిగాడో లేదో, బావ కుర్చీ పట్టుకుని కడుపులోంచి దగ్గడం మొదలుపెట్టాడు. నడుము లేవదన్నాడు. మెట్టెక్కితే కళ్లు తిరుగుతాయన్నాడు. సూదిలో దారమెక్కించే మనిషి, చూపు ఆనదన్నాడు. నేను కాలు తొక్కినా ఆగితే కదా!

బయటికి వచ్చి, "ఎట్ల చెప్పిన?" అన్నాడు మెరిసే ముఖంతో.

"అది బోర్డు కాదు బావా! ఇన్ని రోగాలున్నోన్ని వీళ్లు తీసుకోరు."

"రోగం లేనోనికి కార్డెందుకురా?" అన్నాడు బావ.

పది రోజులకు కుదరదని ఉత్తరం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఇదే జరిగేదని అక్కతో అన్నాను. నాకైతే ఆ నమ్మకం లేదు.

తర్వాతి మంగళవారం బావ మళ్లీ నాతో కంపెనీ దవాఖానకు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. లైను సగం కదిలేసరికి ఆయనకు నిజంగానే దమ్ము వచ్చింది. కొత్తగా వచ్చిన నర్సు గబగబా దగ్గరికొచ్చి, "బుక్కేది తాతా?" అంది.

బావ చెయ్యి, ఒకప్పుడు బుక్కు ఉండే చొక్కా జేబు దాకా వెళ్లి ఆగింది. నోరు గట్టిగా మూసుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఊరందరికీ దగ్గు నేర్పినవాడు దగ్గును మింగుతున్నాడు.

"నాకేం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న. ఊకెనే కూసున్న" అన్నాడు.

ఆమె వెళ్లిపోయింది. బావ నా మందులు వచ్చేదాకా ఆపుకున్నాడు. గేటు దాటాక గోడ పట్టుకుని చాలాసేపు దగ్గాడు.