ఖండపు అంచున ఆప్షన్ బి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో నేను భూగోళం చెప్పేవాణ్ణి. జియాలజీలో ఎమ్మెస్సీ చేసినవాడికి ఆ చుట్టుపక్కల దొరికే గౌరవప్రదమైన ఉద్యోగం అదొక్కటే. మిగతావి జీతం ఇచ్చేవి.

అక్కడొక ఆచారం ఉంది. వారం పరీక్షలో మొదటి నలభై మందీ మాస్టారు ఎదుట కూర్చుంటారు. మిగిలినవాళ్ళు పక్క హాల్లో ఆ పాఠాన్నే టీవీలో చూస్తారు.

మీర్‌పేట్ నుంచి ఎల్బీనగర్‌లో బస్సు మారి వచ్చే ఒకమ్మాయి, నల్గొండ వైపు పిల్ల, ఆ వారం నలభై ఒకటో స్థానంలో ఆగిపోయింది. ఒక్క మార్కు తేడా. అది పోయింది నా ప్రశ్నలోనే: ఖండపు అంచు దాటి లోతు సముద్రంలోకి ఇసుక ఎలా చేరుతుంది? "వాలు వెంట బురద ప్రవాహంగా జారి" అని ఆమె పెట్టింది. నేను చెప్పిందే. మా మెటీరియల్ కీలో మాత్రం ఆప్షన్ బి: "పైనుంచి రేణువు రేణువుగా రాలి". ఆ కీని ఏ పాత పుస్తకం నుంచి ఎత్తారో గాని, మిగతా పిల్లలు ప్రశ్న చదవకుండానే 'బి' అని బట్టీపట్టేశారు. చదివి, ఆలోచించి రాసింది ఈమె ఒక్కతే. శిక్షా ఈమెకే.

ప్లాస్టిక్ టబ్బు, ఇసుక, కాస్త ఒండ్రు పట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్ళాను. ఆయనది కోస్తా, మర్యాదకు లోటుండదు. టబ్బులో నీళ్ళు పోసి, పరీక్ష ప్యాడ్‌ను వాలుగా ఆనించాను.

"నదులు తెచ్చిన మట్టి అంచున ఇలా పేరుకుంటుందండీ. బరువెక్కి ఏదో రోజు జారుతుంది" అంటూ వేలితో నెట్టాను. బురద మబ్బులా కిందికి దూసుకెళ్ళింది. ముందు ఇసుక దిగింది, దాని మీద మెల్లగా మెత్తటి బురద. "ఇలా పొర మీద పొర పడుతూ లక్షల ఏళ్ళకు అడుగంతా మందమెక్కుతుంది."

"భలే ఉందండీ మాస్టారూ. ఆ ఫైలు తడుస్తోంది, కాస్త చూసుకోండి."

"మరి కీ?"

"కొత్త బ్యాచ్ పుస్తకాలు కూడా ప్రింటైపోయాయి కదండీ. పోనీ, అందరికీ తలో మార్కు కలిపేద్దాం. ఎవరికీ బాధుండదు."

కలిపారు. లెక్కల్లో నేను గట్టివాణ్ణి కాను గాని, అందరూ ఒక మెట్టు ఎక్కితే వరస మారదేమోనన్న అనుమానం నాకూ వచ్చింది. ఆ అమ్మాయికి అనుమానం కూడా లేదు.

"సార్, అందరికీ కలిపిన్రంట గదా?"

"కలిపారమ్మా."

"మల్ల నేను గాడ్నే ఉన్న గద సార్! కరెక్టు రాస్తె టీవీ ముంగట కూసోబెడ్తరా? గిదేం న్యాయం? ఈసారి నేను గూడ బి పెట్టాల్నా?"

వద్దన్నాను. ఆ ఒక్క మాటతో చేతులు దులుపుకోవడానికి మాత్రం సిగ్గేసింది.

మర్నాడు నేరుగా పక్క హాల్లోకి వెళ్ళి, టీవీ కట్టేసి, బోర్డు మీద ఖండపు అంచు గీశాను.

"ఆ వాలు ఎంత నిటారుగ ఉంటది సార్?" అందామె.

"చాలాచోట్ల నాలుగైదు డిగ్రీలే."

"గంత తక్వ వాలు మీద ఎట్ల జారుతది?"

మంచి ప్రశ్న. జవాబు మొదలుపెట్టేలోపే గుమ్మంలో ఆఫీసు మనిషి నిలబడ్డాడు. మొదటి హాల్లో నలభై మందీ ఖాళీ బోర్డు చూస్తున్నారట, డైరెక్టర్ గారు వెంటనే రమ్మంటున్నారట.

పాఠం అయ్యాక వస్తానన్నాను.