విమానం కోసం బీడు పెట్టిన చెక్క

అంకారావుకి విమానాలంటే గిట్టదని వినగడప ఊరంతా నమ్మింది. అలా నమ్మించింది కూడా ఆయనే. గంపలగూడెం రోడ్డు పక్కన, మామిడి తోటల వెనకాల, కెప్టెన్ జయకర్ గారు రేకుల షెడ్డు వేసి అందులో మూడు పాత విమానాలు పెట్టుకున్న నాటి నుంచీ వాటి గురించి అంకారావు నోట ఒక్క మంచిమాట విన్నవాళ్ళు లేరు. టీకొట్టు దగ్గర ఎవరైనా ఆ ఊసెత్తితే చాలు, పనీపాటా లేని ఆసామి ఇనప సామాను పోగేసుకుంటున్నాడని తేల్చేసేవాడు. అంత మాటన్న పెద్దమనిషే, ఆ విమానాలు పరిగెత్తడానికి చోటు చాలడం లేదంటే తన పత్తి చేను నడిమధ్య నుంచి పొడుగాటి నేల చెక్కని కౌలుకిచ్చాడు. ఇదేం విడ్డూరమయ్యా అని అడిగితే, అది గులకరాళ్ళ నేల, ఎలాగూ పంట పండదు అన్నాడు. పచ్చి అబద్ధం. ఆ చెక్కలో పత్తి నడుమెత్తు పెరిగేది.

జయకర్ గారు ఈ చుట్టుపక్కల మనిషి కాదు. కుర్రతనంలో పత్తి చేల మీద పురుగుమందు చల్లే విమానం నడపడానికి ఇటు వచ్చేవారు. అప్పటికి అంకారావు నిక్కర్లు వేసుకునే వయసువాడు. విమానం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా మందు చల్లాలో దాన్ని నడిపేవాళ్ళకి తెలియడానికి, చేను చివర ఇద్దరు మనుషులు తెల్లజెండా పట్టుకుని నిలబడేవాళ్ళు. వాళ్ళలో ఒకడు అంకారావు. వాళ్ళ నాన్న పాత పంచె చింపి వెదురుకర్రకి కట్టుకుని, విమానం చెట్ల కొసలు రాసుకుంటూ మీదికి వస్తుంటే కళ్ళు మూసుకోకుండా నిలబడేవాడు. అది దాటిపోయాక ఒళ్ళంతా మందు కంపు. ఇంటికెళ్తే వాళ్ళమ్మ నూతి దగ్గర నిలబెట్టి, తిడుతూ తోమేది.

ఆ తిట్లు తింటూ ఆ కుర్రవాడు ఆలోచించేది ఒక్కటే. కింద నిలబడ్డ తనకి విమానం పొట్ట తప్ప ఏమీ కనపడేది కాదు. పైనున్న ఆ మనిషికి మన చేను ఎట్టా కనపడుద్దో! ఆ కోరిక మీసాలొచ్చినా పోలేదు, మీసాలు నెరిసినా పోలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తను దున్నిన నేలని తను పైనుంచి చూడాలి. ఈ సంగతి అంకారావు కట్టుకున్న భార్య హనుమాయమ్మకి కూడా చెప్పలేదు. ఏమని చెబుతాడు? బడి ఎగ్గొట్టే పిల్లాడి కోరికలా ఉంటుంది కదా.

పోనీ అవకాశం రాలేదా అంటే, వచ్చింది. ఒకసారి కాదు. షెడ్డులో ఉన్న మూడింటిలో పసుపురంగుది, ఆ మందు చల్లే విమానమే, ఇంజను పోయి కూర్చుంది. రెండోది సైన్యంలో పాఠాలు నేర్పడానికి వాడింది, చక్రాలు నేలలోకి దిగిపోయాయి. మూడోది మాత్రం ఎగిరేది. నీలంరంగుది, చిన్నది, గుడ్డ అతికించిన రెక్కలు, పక్కపక్కనే రెండు సీట్లు. దాన్ని బయటికి తీసినప్పుడల్లా జయకర్ గారు చేను గట్టుకొచ్చి, రావయ్యా అంకారావూ, ఒక చుట్టు తిరిగొద్దాం అని పిలిచేవారు. అంకారావు గుండె ఎగిరి గంతేసేది. నోరు మాత్రం, పత్తి తీతలు కానివ్వండి కెప్టెన్ గారూ అనేది. పత్తి తీతలయ్యాక మిర్చి కోతలు. మిర్చి కల్లం ఎత్తేసరికి మామిడి. మామిడి అయ్యేసరికి తొలకరి. రైతుకి ఒక పని తీరేలోపు ఇంకో పని నెత్తిన కూర్చుంటుందనేది నిజమే గానీ, అసలు సంగతి అది కాదు. ఇన్నేళ్ళు ఎగతాళి చేసి ఇప్పుడు వెళ్ళి ఎక్కితే ఊరు ఊరుకుంటుందా? పైగా, లోపల కాస్త భయం కూడా. కోరిక మరీ పెద్దదైతే దాన్ని ముట్టుకోవడానికి మనిషికి చెయ్యి రాదు.

నీ పంటలెప్పుడు అయిపోవాలి, నేనెప్పుడు ఎక్కించాలయ్యా అని జయకర్ గారు నవ్వేవారు. కిందటేడు ఎండాకాలం ఆయనకి గుండెల్లో నొప్పొచ్చింది. విజయవాడ తీసుకెళ్ళారు, తిరిగి తీసుకొచ్చింది మనిషిని కాదు. అంకారావు ఆ రోజు పనులన్నీ ఆపేశాడు. ఆపేయగలిగే పనులేనని ఆ రోజే తెలిసింది.

జయకర్ గారి కూతురు స్నిగ్ధ హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. మంచి పిల్ల. తండ్రి వస్తువుల మీద ప్రేమ ఉంది గానీ, మూడు విమానాల్ని ఏం చేసుకోవాలో ఏ కూతురికి మాత్రం తెలుస్తుంది? వచ్చిపోయేవాళ్ళు మొదలయ్యారు. హైవే మీద హోటలు పెట్టుకున్న ఒకాయన, పసుపు విమానాన్ని మేడ మీద పెట్టుకుంటానన్నాడు. పాత ఇనుము కొనేవాడొకడు అరచేత్తో రెక్కని తట్టి చూశాడు. ఇదేమన్నా గేదె అనుకున్నావా అని అంకారావు వాణ్ణి కసిరాడు. కసిరాక, తనకెందుకింత కోపం వచ్చిందని ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకున్నాడు.

చివరికి దూరాన ఒక ఊళ్ళో పాత విమానాలు భద్రపరిచే సంస్థవాళ్ళు నీలం విమానాన్ని తీసుకుంటామన్నారు. మిగతా రెండూ వద్దన్నారు. ఎగిరే విమానాన్ని రెక్కలు విప్పి లారీలో వేసి పంపడానికి స్నిగ్ధకి మనసొప్పలేదు. ఎగిరే వెళ్ళాలంటే ఢిల్లీ నుంచి అనుమతి రావాలి. అది ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ మాటలన్నీ ఆ పిల్ల చేను గట్టున నిలబడి చెప్పింది.

"బాబాయ్, తొలకరి వస్తోంది. మీ చెక్కని మీరు విత్తుకోండి. నాన్న లేరు, మిమ్మల్ని ఆగమనే హక్కు నాకు లేదు. అనుమతి రాకపోతే లారీలోనే పంపిస్తాను."

"చూద్దాంలేమ్మా," అన్నాడు అంకారావు.

వానలు పడ్డాయి. ఊరంతా పత్తి గింజలు పెట్టింది. అంకారావు కూడా పెట్టాడు, ఆ చెక్కకి అటూ ఇటూ. నడిమధ్య చెక్కని మాత్రం వదిలేశాడు. ఎవరికీ చెప్పని లెక్క ఒకటి ఆయన మనసులో ఉంది. చెక్క విత్తితే విమానం ఇక్కడి నుంచి ఎగరదు. విత్తకపోతే ఎగురుతుంది. ఎగిరే ముందు, ఇంత సాయం చేసిన మనిషిని ఒక్క చుట్టు తిప్పకుండా పోతారా? ఈసారి పిలిస్తే మాత్రం పత్తి తీతలని అనడు.

ట్రాక్టరు తోలే యోసేపు ఆ దారిన పోతూ బండి ఆపి, చేనుకి పాపిడి తీశారేంటండీ అని అడిగాడు. టీకొట్టు దగ్గర ఆ మాట నాలుగు రోజులు నలిగింది. హనుమాయమ్మ కూడా నిలదీసింది. నేల అలిసిపోయింది, ఒక పంటకారు విశ్రాంతి ఇవ్వాలన్నాడు అంకారావు. నేలకి అలుపొచ్చిందని తెలిసిందిగానీ ఇన్నేళ్ళలో నాకొచ్చిందేమో ఎప్పుడన్నా అడిగారా అని ఆవిడ మూతి తిప్పుకుంది. కానీ మరి రెట్టించలేదు. ఆవిడ రెట్టించకపోవడం ఆయనకి వింతగానే అనిపించింది.

బీడు పెట్టిన నేల ఊరికే ఉంటుందా! తుంగ మొలిచింది, జిల్లేడు లేచింది, ఎలకలు బొక్కలు పెట్టాయి. పంట వేసిన చేను కన్నా పంట లేని చెక్కకే ఎక్కువ చాకిరీ చేశాడు అంకారావు. గడ్డి కోశాడు, బొక్కలు పూడ్చాడు, వానకి కోసుకుపోయిన చోట మట్టి తట్టలు మోసి తొక్కాడు. శ్రావణమాసంలో మెకానిక్కులొచ్చి ఇంజను విప్పి బిగించారు. ఒక పొద్దున చేలో కలుపు తీయిస్తుంటే షెడ్డులోంచి ఆ మోత వినపడింది. దగ్గి, ఆగి, మళ్ళీ అందుకుంది. అంకారావుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూలీలు చూస్తారని వంగి, లేని కలుపు పీకాడు.

పత్తి పూత మీదుండగా అనుమతి వచ్చింది. విమానం తీసుకెళ్ళడానికి ఏబెల్ అనే పైలట్ వస్తున్నాడని స్నిగ్ధ ఫోన్ చేసింది. అంకారావు ముందురోజు తిరువూరు వెళ్ళి క్షవరం చేయించుకున్నాడు. పొద్దున్నే తలంటుకుని, పెళ్ళిళ్ళకి కట్టే పంచె కట్టి, ఇస్త్రీ చొక్కా తొడిగాడు. ఎవరిదండీ పెళ్ళి అని హనుమాయమ్మ అడిగింది. పెద్దమనుషులొస్తున్నారు, మసిగుడ్డల్తో వెళ్ళమంటావా అన్నాడు. ఆవిడ కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ పళ్ళెంలో పెట్టుకుని వెంట నడిచింది.

విమానాన్ని షెడ్డులోంచి తోసుకొచ్చి ఎండలో నిలబెట్టారు. హనుమాయమ్మ విమానం ముక్కుకి బొట్టు పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఏబెల్ ముప్ఫై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. వంగి అన్నీ చూసుకుని, రన్‌వే ఇంత బాగుంటుందనుకోలేదని మెచ్చుకున్నాడు. స్నిగ్ధ అంకారావుని చూపించింది. ఏబెల్ వచ్చి చేతులు పట్టుకున్నాడు. అంకారావు నవ్వాడు, నవ్వుతూనే ఉన్నాడు. ఇప్పుడు పిలుస్తాడు, ఇప్పుడు పిలుస్తాడు. ఏబెల్ లోపలికెక్కి, ఖాళీగా ఉండబోయే పక్కసీటు బెల్టు ఊగకుండా గట్టిగా లాగి ముడేశాడు.

అంకారావు ఇక ఆగలేకపోయాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, అందరూ చూస్తుండగా, తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, వెళ్ళేముందు ఒక్క చుట్టు... నన్ను కూడా ఎక్కించుకుంటావా? మా చేను మీద వరకే."

ఏబెల్ మొహం వాడిపోయింది. అనుమతి తనొక్కడికే, ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళడానికి మాత్రమే అని చెప్పాడు. ఇంకో మనిషి ఎక్కితే విమానాన్ని ఆపేస్తారు, తన లైసెన్సు పోతుందన్నాడు. చెబుతూ నాలుగుసార్లు సారీ అన్నాడు. నాన్న ఉంటే అని స్నిగ్ధ ఏదో అనబోయి ఆగిపోయింది.

"అబ్బే, ఊరికే అడిగాలే," అన్నాడు అంకారావు. "నువ్వు జాగ్రత్తగా వెళ్ళు నాయనా."

నిమ్మకాయలు చితికాయి. నీలం విమానం అంకారావు చెక్క మీదుగా పరిగెత్తింది, అటూ ఇటూ పత్తిపూలు ఊగిపోయాయి. చెక్క చివరికి రాకముందే నేల వదిలేసింది. మామిడి తోటల మీద ఒక చుట్టు తిరిగి, రెక్క వంచి, తిరువూరు వైపు పోయింది. కాసేపు చుక్కలా కనపడింది. తర్వాత అదీ లేదు.

స్నిగ్ధ మిగిలిన రెండు విమానాల మీద టార్పాలిన్ పట్టాలు కప్పించి, షెడ్డుకి తాళం వేయించి వెళ్ళిపోయింది. వాటి సంగతి ఇంకా తేలలేదు. అంకారావు ఇంటికి పోలేదు. ఇస్త్రీ చొక్కాతోనే గట్టు మీద కూర్చున్నాడు. హనుమాయమ్మ పళ్ళెం పక్కన పెట్టి, తనూ కూర్చుంది. ఆవిడే మాట మొదలుపెట్టింది.

"నేనొకటి చెబుతాను. కోప్పడకూడదు. నేనెక్కానండీ."

"ఏదెక్కావు?"

"అదే. ఆ విమానం."

హనుమాయమ్మ జరిగింది చెప్పుకొచ్చింది. నాలుగేళ్ళ కిందట ఆవిడ షెడ్డుకి మజ్జిగ తీసుకెళ్ళిన రోజున, మీ ఆయన ఎలాగూ రాడు, నువ్వన్నా రామ్మా అన్నారట జయకర్ గారు. ఆవిడ చెంబు అక్కడ పెట్టి, కొంగు నడుముకి దోపుకుని ఎక్కేసిందట. అంత తేలిగ్గా. అంకారావుకి ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు! ఒకే కంచం పక్కన కూర్చుని నాలుగేళ్ళు!

"ముందు మీరెక్కుతారనీ, తర్వాత చెబుదామనీ ఆగాను," అంది హనుమాయమ్మ. "మీరు చెక్క విత్తనప్పుడే నాకర్థమైంది. అందుకే మాట్లాడలా. ఇవాళ ఎక్కిస్తారనే అనుకున్నా."

ఆయన కోపం ఎంతోసేపు నిలవలేదు. కోపం కన్నా ఆత్రం పెద్దది. ఎట్టా ఉంది మన చేను అని అడిగాడు. ఆవిడ గుర్తు తెచ్చుకుంటూ చెప్పింది. మామిడిచెట్లు కొత్తిమీర కట్టలు పరిచినట్టున్నాయి. తిరువూరు మిల్లుల రేకులు మెరుస్తున్నాయి. మన చేను మాత్రం ఆరేసిన కండువా అంతే ఉంది. మన ఇల్లు ఎంత వెతికినా దొరకలేదు. అంకారావు చిన్నపిల్లాడిలా ఒక్కొక్కటే అడిగి చెప్పించుకున్నాడు. బావి? కనపడింది. వేపచెట్టు? దాని నీడ కనపడింది.

"మరి నేను?"

"మీరు గుంటక తోలుతున్నారు. తలకి తువ్వాలు. చెయ్యూపాను. మీరు తలెత్తలేదు."

అంకారావు తలెత్తి ఖాళీ ఆకాశం వైపు చూశాడు. ఆ పూట మోత వినే ఉంటాడు. కెప్టెన్ గారి సంబరమేగా, దానికి తలెత్తేదేంటని బింకంగా పని చూసుకుని ఉంటాడు.

"పిలవలేకపోయావా?" అన్నాడు.

"పిలిచాను. ఆ మోతలో వినపడుద్దా?"

"ఏమని పిలిచావు?"

హనుమాయమ్మ కొంగు సర్దుకుంది. పళ్ళెంలో మిగిలిన కుంకుమని వేలితో ఒక పక్కకి జరిపింది. పెళ్ళైన నాటి నుంచీ ఆవిడ మొగుడి పేరు నోటితో పలికింది లేదు. రేషన్ షాపులో అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పించేది.

"పేరు పెట్టి పిలిచానండీ," అంది. "గట్టిగా. రెండుసార్లు. అంత ఎత్తున ఎవరు వింటార్లే అని."

అంకారావు ఆవిడ వైపు తిరిగాడు. పైనుంచి నేల ఎలా ఉంటుందో ఆ క్షణంలో ఆయనకి పట్టలేదు.

"ఏదీ, ఒకసారి పిలువు," అన్నాడు.

హనుమాయమ్మ చుట్టూ చూసింది. చేలో ఎవరూ లేరు, రోడ్డు మీద కూడా ఎవరూ లేరు. పెదవులు విప్పింది. కానీ నేల మీద ఆవిడకి నోరు పెగల్లేదు.